రెండు వంకల నడుమ

ధరణి ఏం చదువుతోందో వాళ్ల నాయన ప్రతాప్ ఏనాడూ అడిగి ఎరగడు. ఆ సాయంత్రం మాత్రం ఆమె సోషల్ పరీక్షకు పైకి చదువుతుంటే, నోటి దాకా తెచ్చిన సంగటి ముద్దను అలాగే పట్టుకుని విన్నాడు.

"మళ్లా సెప్పు పాపా. ఆ అమెరికావోళ్లు ఏం జేసినారు?"

ధరణికి ఒళ్లు పులకరించింది. క్లాసులో పేరు పిలిస్తేనే తల దించుకునే పిల్ల, కథలాగా చెప్పుకొచ్చింది. భూముల కోసం పడమటికి పోయిన అమెరికావాళ్లను మెక్సికో తన టెక్సస్‌లోకి రానిచ్చింది. వాళ్లు బలం పుంజుకుని టెక్సస్ మాదేనని విడిపోయారు. తర్వాత అమెరికా దాన్ని కలుపుకుంది. హద్దు ఈ నది అని మెక్సికో, కాదు అవతలి నది అని అమెరికా. ఆ నడుమ నేల మీదికి అమెరికా అధ్యక్షుడు సైన్యాన్ని పంపాడు.

"కొట్లాడేదానికా?"

"కాదు నాయనా. మెక్సికోవాళ్లొచ్చి కొట్టేదాకా ఆడ ఉండేదానికి. కొట్టినారు. మన నేల మీద మన రక్తం పడిందని చెప్పి అప్పుడు యుద్ధం మొదలుపెట్టినాడు. మెక్సికోకు సగం దేశం పోయింది."

"అబ్బా! మొగోడంటే వాడు," అని ప్రతాప్ ముద్ద నోట్లో వేసుకున్నాడు.

వాళ్ల చేనికీ గోవిందు తోటకూ నడుమ వానకు పారే రెండు వంకలున్నాయి. చిన్నవంక హద్దని గోవిందు, కాదు అవతలి పెద్దవంకని ప్రతాప్. నడుమ ముక్కలో గోవిందు పెట్టిన మామిడిచెట్లు ఆ ఏడే కాపుకొచ్చాయి. గోవిందు కూతురు మహితా, ధరణీ బడిలో ఒకే బెంచీ. ధరణి నోరు విప్పేది ఆమె దగ్గరే.

మర్నాడు ప్రతాప్ కూతురి చేతికి కొడవలి ఇచ్చాడు. "నడుమ ముక్కలో గడ్డి కోసకరా."

"గోవిందు మామ అరుస్తాడు నాయనా."

"అరవనీ. నువ్వు కదలొద్దు."

గోవిందు అరవలేదు. "ఆవుకేనామే? కోసుకో పో. నాకు మహితైనా నువ్వైనా ఒకటే," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ప్రతాప్ మొహం మాడిపోయింది. "గడ్డి సాల్లే. రేపు సెట్టు నరుకు." ధరణి కొడవలి కింద పెట్టేసింది. "నరికితే బడికి పో. లేదంటే ఆవులెంట పో."

కాయల బరువుకు వంగిన కొమ్మ మీద ఆమె కొడవలి వేసింది. "ఏందిమే ఇది, కాయల సెట్టుమే!" అంటూ గోవిందు పరిగెత్తుకొచ్చి కొడవలి పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఆయన లాగాడు. ధరణి అరచేయి తెగింది.

గోవిందే బెదిరిపోయాడు. "అయ్యో తల్లీ!" అని తలగుడ్డ చింపి చేతికి చుట్టబోయాడు.

"కట్టొద్దు!"

కానుగచెట్టు చాటు నుంచి ప్రతాప్ వచ్చాడు. చేతిలో ఫోను. "సెయ్యి ఎత్తు పాపా. ఇంకా పైకి."

"నొస్తాంది నాయనా."

"రోంత ఓర్సుకో." వీడియో తీస్తూనే గొంతెత్తాడు. "సూడండబ్బా! నా నేల మీద నా బిడ్డ రక్తం!"

ఆ మాటలు ఎక్కడివో ధరణికి తెలుసు.

ఆడపిల్ల మీద కొడవలి ఎత్తాడన్న కేసుకు భయపడి, పెద్దవంకే హద్దని గోవిందు సంతకం పెట్టాడు. బడిలో మహిత బెంచీ మారింది. పోతూ పోతూ క్లాసంతా వినేలా అడిగింది. "మా నాయన నీ సేతికి గుడ్డ సుట్టబోయింది పోలీసోళ్లకు సెప్పినావామే?"

ధరణి తల దించుకుంది.

ఆ సాయంత్రం ప్రతాప్ మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది కూతురి ముందు పెట్టాడు. చాప మీద పక్కనే కూర్చున్నాడు.

"కానీ పాపా. దాని తరవాత పాఠం సదువు, నేనింటా."

కట్టు కట్టిన చేత్తో ధరణి పేజీ తిప్పింది.