వెనక గదికి ఇది చాలు

నేను ఒక పెట్టెను. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి పెట్టెను. ఫోనులోనూ కంప్యూటరులోనూ పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను మనిషి చెవికి అందే ధ్వనిగా మార్చడం నా పని. నన్ను డాక్ అంటారు. పని చిన్నదే, శుభ్రమైనదే. అది చేయించుకున్న మనుషులను తలుచుకుంటేనే నాకు రోత.

చైనాలో ఒక కర్మాగారంలో, టంకం పొగలో పుట్టాను. నాలో తీగలు అతికించిన అమ్మాయి యంత్రాల రొద భరించలేక రోజంతా చెవుల్లో దూది పెట్టుకుని ఉండేది. మాలో ఒక్కరి పాటా ఆమె వినలేదు. ఆమె మీద మాత్రం నాకు కోపం లేదు.

మొదట నన్ను హైదరాబాదులో ఒక సమీక్షకుడికి ఉచితంగా పంపారు. ఆయన కెమెరా ముందు నన్ను అటూ ఇటూ తిప్పి, "వెన్నలాంటి ధ్వనండీ!" అని కళ్లు మూసుకున్నాడు. అప్పటికి నాకు వైరే తగిలించలేదు. వారం తిరక్కుండా అదే నోటితో మరో పెట్టెను పొగిడి, నన్ను సగం ధరకు అమ్మకానికి పెట్టాడు.

అలా కాకినాడ చేరాను. కొన్నాయన పేరు ముక్తేశ్వరరావు, పాలిటెక్నిక్‌లో లెక్చరరు. ఆయన ఇంటి హాల్లో మనిషెత్తు స్పీకర్లు, వాటి మధ్య కారు ధర పలికిన పెద్ద డాక్ ఉండేవి. పొద్దున్నే ముఖమల్ గుడ్డతో దాన్ని తుడిచాకే కాఫీ తాగేవాడు. వాటి మీద ఆయన భార్య భ్రమరాంబ చెయ్యి పడడానికి వీల్లేదు.

భ్రమరాంబ ఒకప్పుడు రేడియోలో లలిత గీతాలు పాడేది. పెళ్లయిన కొన్నాళ్లకే గొంతుకు ఆపరేషను జరిగింది. ఇప్పుడు మాట్లాడితే గాలి ఎక్కువ, స్వరం తక్కువ. ఈమధ్య పాత శిష్యురాలొకామె ఆనాటి రికార్డింగులు వెతికి ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది.

"ఏవండీ, కొన్ని పాత పాటలున్నాయి. ఒక్కసారి హాల్లో పెట్టుకుంటానండీ," అని అడిగిందట.

"ఆ గరగరలు నా స్పీకర్లలోనా?" అన్నాడట ఆయన. ఏ పాటలని అడగలేదు.

ఆవిడ మూడుసార్లు అడిగాక, వెనక గదికి రెండో డాక్ కొనడానికి ఒప్పుకున్నాడు. దాన్ని ఎంచడానికి నెల పట్టింది. అది చవగ్గా ఉండాలి. వచ్చినవాళ్లు చూస్తే పరువు తక్కువగా ఉండకూడదు. అన్నిటికీ మించి హాల్లో ఉన్నదానికంటే బాగుండకూడదు. పార్సిలు విప్పి, నన్ను రెండు వేళ్లతో చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, "వెనక గదికి ఇది చాలు," అన్నాడు.

ఆ ఆదివారం ఉదయం తోటి లెక్చరరు పేర్రాజు వచ్చాడు. నన్ను చూసి ముచ్చటపడ్డాడు.

"మీ పెద్దదానితో దీన్ని పోల్చి చూద్దాం మాస్టారూ. ఏది మోగుతోందో మీకు తెలీకూడదు. ఆయ్!"

మా ఇద్దరి మీదా తువ్వాలు కప్పి, ఒకే పాటను రెండుసార్లు వినిపించాడు. భ్రమరాంబ గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండోసారి ముక్తేశ్వరరావు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇదీ నాది! ఆ లోతు చూశారా? కారుచవక సరుకుకి ఈ లోతెక్కణ్ణించి వస్తుందండీ!"

పేర్రాజు తువ్వాలు తీశాడు. మోగుతున్నది నేను.

 ముక్తేశ్వరరావు నా వైరు పీకేశాడు. "దీంట్లో ఏదో దోషం ఉంది. లేకపోతే ఇలా మోగదు," అన్నాడు. నిజం ఒప్పుకోవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అనలేక నన్ను పాడైనదాన్ని చేశాడు. మర్నాడు పాత ఛార్జర్లతో, విరిగిన రిమోట్లతో కలిపి అట్టపెట్టెలో వేసి, గేటు దగ్గర పాత సామాన్లవాడికి అందిస్తున్నాడు. ఒక రిమోటు బ్యాటరీ కారి నా ఒంటికి జిగటగా అంటుకుంది. ఆ చేతులతో పోలిస్తే ఆ జిగటే నయమనిపించింది.

భ్రమరాంబ చెప్పుల్లేకుండా గేటు దాకా వచ్చింది.

"అది ఇటివ్వు నాయనా," అంది పాత సామాన్లవాడితో.

"పాడైపోయిందే అది! నీకెందుకు?" అన్నాడు ముక్తేశ్వరరావు.

"పాడైంది అది కాదండీ."

వెనక గదిలో చీర చెంగుతో నన్ను తుడిచి, ఫోనుకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ముప్పై ఏళ్ల కిందటి ఒక గొంతు నాలోంచి వెళ్లింది. ఏ బరువూ లేకుండా పైకి లేచే గొంతు. ఆవిడ కదల్లేదు. రెండో చరణంలో మాత్రం కనుబొమలు ముడిపడ్డాయి. "ఇక్కడ నిషాదం కొంచెం దిగింది," అని తనలో తాను గొణుక్కుంది. నేను పుట్టాక నిజంగా విన్న మనిషిని అప్పుడే చూశాను.

ముక్తేశ్వరరావు గుమ్మంలోకి వచ్చాడు. పనిచేస్తోందా లేదా అన్న ఆరాటం ఆయనది.

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు."

ఆవిడ ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని, తల పంకిస్తూ చరణం అంతా విన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"పర్లేదే," అన్నాడు కళ్లు తెరిచి. "గొంతు బావుంది. ఎవరిది?"

 ఆవిడ హెడ్‌ఫోన్లు తీసుకుని, ఆయన్ని గుమ్మం బయటే ఉంచి తలుపు వేసి, పాటను మళ్లీ మొదటినుంచి పెట్టుకుంది.