నడిపినవారు

ఫ్లాస్కు అడుగున పట్టిన టీ మరక ఒక పట్టాన వదలదు. బ్రష్షు అంతదాకా వెళ్ళదు, నా చెయ్యి వెళ్తుంది. మా ఇంట్లో ఇరుకు చోటు ఎక్కడున్నా అది నా వాటాకే వస్తుంది. ఫ్రిజ్ వెనక పడ్డ మూత, సింకు కన్నంలో ఇరుక్కున్న చెత్త, వాషింగ్ మెషీన్ రబ్బరు మడతలో చిక్కిన సాక్సు, అన్నీ నావే. "నీ చెయ్యి సన్నం కదా, నువ్వే తియ్యి" అంటాడు మా ఆయన. పద్నాలుగేళ్ళుగా అంటూనే ఉన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. తీరా ఫ్లాస్కు తళతళలాడాక అత్తయ్య లోపలికి తొంగి చూసి, "కొత్త బ్రష్షు బాగా పనిచేస్తోందే" అంటుంది. నేను తడి చేతులతో ఆ పక్కనే నిలబడి ఉంటాను. పొయ్యి మంచిది కాబట్టి వంట కుదురుతుంది, సబ్బు మంచిది కాబట్టి చొక్కా తెల్లబడుతుంది. ఆ ఇంట్లో వస్తువులన్నీ ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాయి, నేను తప్ప.

తొమ్మిదింటికి ఇదే చెయ్యి ఆసుపత్రిలో గ్లవ్స్ తొడుక్కుంటుంది. నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. రోగి నోట్లోంచి శ్వాసనాళంలోకి స్కోపు అనే గొట్టం దించుతాం. దాని కొసన కెమెరాతో పాటు చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. నాళం గోడకి అవతల దాక్కున్న గడ్డని తెర మీద చూస్తూ, ఆ గొట్టంలోంచే సూది పంపి ముక్క తీస్తాం. ముక్క వస్తేనే అది క్యాన్సరో కాదో తేలేది. పాత స్కోపు లావు. నాళాలు చీలుతూ సన్నబడేకొద్దీ మధ్యలోనే ఆగిపోతుంది. ఇప్పుడు ఒక మిల్లీమీటరు సన్నగా కొత్తది వచ్చింది. పాతదానికి అందని గడ్డలు దీనికి అందుతాయా అని నలభై మంది రోగుల మీద పరీక్షిస్తున్నాం. అది వచ్చిన రోజే మా చీఫ్ అందరి ముందూ, "గొట్టాలు సన్నబడుతున్నాయి గానీ, మా డాక్టరమ్మ మాత్రం..." అని ఆపేశాడు. అందరూ నా నడుం వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఎదురుగా ఉన్నప్పుడు "సార్ చెప్పారు" అనే అంటాను. ఇక్కడ మాత్రం "చెప్పాడు" అనే రాస్తాను. నా దగ్గరున్న "రు"లన్నీ ఇంట్లోనూ పనిలోనూ పంచి పంచి అయిపోయాయి.

ప్రతి రోగికీ ముందు చీఫ్ పాత స్కోపు దించుతాడు. అది ఎక్కడ ఆగిందో నేను కొలత రాస్తాను. ఆ తర్వాత కొత్తది నా చేతికిస్తాడు. "నీ చెయ్యి సన్నం కదమ్మా, నువ్వు దించు." మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఫ్లాస్కు కళ్ళ ముందు కనిపించింది. ఫారంలో "స్కోపు నడిపినవారు" అని ఒక్కో స్కోపుకీ ఒక గడి ఉంటుంది. రెండింటికీ తన పేరే రాయమన్నాడు, ఒకే టీమ్‌లో ఉన్నవాళ్ళకి పేర్ల పట్టింపు ఎందుకని. పట్టింపు లేనివాడు నా పేరే రాయించొచ్చుగా అని నేను అడగలేదు. ముప్ఫై ఎనిమిది ఫారాల్లో, నా గుండ్రటి చేతిరాతతో, ఆయన పేరు రాశాను. పాతది ఆగిన చోటు దాటి కొత్తది ఇరవై తొమ్మిది గడ్డల్ని అందుకుంది. స్కోపు అద్భుతం అన్నారంతా. మళ్ళీ బ్రష్షే గెలిచింది.

అసలు గెలిచింది ఆ మిల్లీమీటరో, నా మణికట్టో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా చేసింది ఆ గడే. రేపు మరో ఆసుపత్రి మా లెక్క నమ్మి ఈ స్కోపు కొంటుంది. అది మలుపు దగ్గర ఆగిపోతే, అక్కడేమీ లేదని ఎవరినో ఇంటికి పంపేస్తారు.

మొన్న ముప్ఫై తొమ్మిదో రోగి వచ్చింది. పదిళ్ళ బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. గడ్డ ఊపిరితిత్తి పైభాగంలో, బాగా వంపు తిరిగిన చోట ఉంది. "మీరు చెప్పేదాకా కదలను డాక్టరుగారూ" అని నాకు ముందే మాటిచ్చింది. ఆ రోజు స్కోపు కంపెనీవాళ్ళు చూడ్డానికి వచ్చారు కాబట్టి కొత్తది కూడా చీఫే పట్టాడు. మగత మందు ఇచ్చారు. మూడుసార్లు తోశాడు. మూడుసార్లూ అది ఆ మలుపు దగ్గరే ఆగింది. బయటికి లాగేసి నాతో అన్నాడు:

"పేషెంట్ సహకరించలేదు. అలా రాసెయ్."

ఆమె చిటికెన వేలు కూడా కదపలేదు. అయినా చెప్పినట్టే రాసి, స్కోపు అందుకున్నాను. కొస వంపు కాస్త వదులు చేసి, మణికట్టు కొంచెం తిప్పి, ఆమె ఊపిరి పీల్చేదాకా ఆగి, ఆ ఊపిరితో పాటే లోపలికి జారాను. తెర మీద గడ్డ నల్లగా కనిపించింది. సూది పంపాను, ముక్క వచ్చింది. చీఫ్ వచ్చినవాళ్ళ వైపు తిరిగి, స్కోపు ఎంత సాఫీగా వెళ్ళిందో చూడమన్నాడు.

మగత దిగాక ఆమె మొదట అడిగిన మాట గడ్డ గురించి కాదు. "నేను కదిలానా డాక్టరుగారూ?" అంది, తప్పు చేసినదానిలా.

మీ అమ్మాయి కాస్త సహకరిస్తే ఇల్లు సాఫీగా నడుస్తుందని మా ఆయన మా అమ్మతో అన్నప్పుడు, నేనూ అచ్చం ఇదే గొంతుతో "నేనేం చేశానమ్మా?" అని అడిగాను. అమ్మ సమాధానం చెప్పలేదు. నేను చెప్పాను.

"మీరు కదల్లేదమ్మా. చెయ్యి తిరగనిది ఆయనకి."

ఫారాల్లో తప్పు దిద్దడానికి ఒక పద్ధతుంది. వైట్నర్ పూయకూడదు, కొట్టేసి అలికెయ్యకూడదు. ఒక్కటే గీత గీయాలి, కింద ఉన్నది కనిపిస్తూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఈ రోజు మధ్యాహ్నం ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. కొత్త స్కోపు గడిలో చీఫ్ పేరు మీద గీత, పక్కన నా పేరు. ఇస్త్రీ ఆమె ఫారంలో ముందు ఆయన, తర్వాత నేను అని రాసి, "రోగి సహకరించలేదు" మీద గీత గీసి, "రోగి కదలలేదు" అని రాశాను.

ఆఖరి ఫారం దగ్గరుండగా చీఫ్ వచ్చాడు. కాగితాలు తిరగేసి మొహం మాడ్చుకున్నాడు. రెండేళ్ళ పని బూడిదలో పోసినట్టేనన్నాడు, వచ్చే నెల నా పోస్టు సంగతి తన చేతిలోనే ఉందని గుర్తు చేశాడు. ఇంట్లో ఏమైనా గొడవా అని కూడా అడిగాడు.

"మళ్ళీ మొదలుపెడదాం సార్" అన్నాను. "ఈసారి పాతది నేనూ దించుతాను, కొత్తది మీరూ దించండి. ఎవరి పేరు వాళ్ళదే రాద్దాం."

తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆఖరి సంతకం కూడా పెట్టాను. ఇంతలో మా ఆయన మెసేజ్: సింకు మళ్ళీ పూడుకుపోయింది, అమ్మ విసుక్కుంటోంది, త్వరగా రా.

జవాబు రాశాను: "కొత్త బ్రష్షు బాగా పనిచేస్తోందన్నారుగా. దాన్ని సింకు పక్కన పెట్టి, అదే చేస్తుందేమో చూడండి."