ఇంజను గొంతులో మంచు

ఆకాశంలోంచి తన ఊరు చూడాలని మిల్లు యజమాని బాలగోపాల రాజుకి ఎన్నాళ్లనుంచో కోరిక. 1958లో బావమరిది విజయరాఘవ విమానం నడిపే లైసెన్సు తెచ్చుకోగానే అది తీరింది. ఐప్పసి నెల, అంటే ఆశ్వయుజం నాటి వాన వెలిసిన ఉదయం ఇద్దరూ మదురై నుంచి చిన్న విమానంలో రాజపాళయం మీదికి వచ్చారు. ఒకరు సుందరవల్లికి భర్త, ఒకరు తమ్ముడు. ఆమె మేడెక్కి చెయ్యి ఊపింది.

ఇల్లు దగ్గరగా చూపిద్దామని విజయరాఘవ ఇంజను వేగం తగ్గించి కిందికి దించాడు. మళ్లీ లేపబోతే ఇంజను దగ్గింది, నీరసపడింది, ఆగిపోయింది. సేత్తూరు దారిలో పత్తిచేలో విమానం తలకిందులైంది. తమ్ముడు చెయ్యి విరిగి బతికాడు. భర్త బతకలేదు.

పెట్రోలు ఉంది, ఇంజను బాగానే ఉంది. లోపల మంచు కట్టి ఉండవచ్చని విచారణాధికారి అన్నాడు. ఊరు నవ్వింది. రాజపాళయం ఎండలో మంచా? తాగి నడిపాడన్నారు.

"నా తమ్ముడు తాగలేదు. వాడు బొంకేవాడు కాదు, అబద్ధం వాడికి రాదు," అని కర్మలకు వచ్చిన చుట్టాల ముఖానే చెప్పింది సుందరవల్లి. ప్రతి ఆదివారం తమ్ముణ్ని పిలిచి అన్నం పెట్టేది.

ఒక ఆదివారం అడిగింది. "నిజంగా మంచేనా రాఘవా?"

"నిజమే అక్కా. పెట్రోలు గాలిలో కలిసేచోట గొంతు మాదిరి సన్నగా ఉంటాది. అక్కడ బాగా చల్లబడతాది. గాలిలో వాన తడి ఉంటే మంచు కట్టి దారి మూసుకుంటాది. తరవాత కరిగిపోతాది, ఏమీ మిగలదు."

ఇన్నాళ్లకు ఒకరు వింటున్నారని అతని ముఖం వికసించింది.

"దానికి మందు లేదా?"

"ఉంది. ఒక పిడి ఉంటాది. లాగితే వేడిగాలి లోపలికి వస్తాది."

ఆమె వడ్డించడం ఆపింది. "లాగినావా?"

"లాగినాను... ఆలస్యంగా. పెట్రోలు రాలేదనుకొని ముందు అది చూసినాను. దిగేముందే లాగి ఉండాల. బావకి ఇల్లు చూపించే సంతోషంలో మరిచిపోయినాను అక్కా."

"లాగేదానికి చాలా బలం కావాలా?"

"లేదు. రెండు వేళ్లు చాలు."

సుందరవల్లి గరిటె కింద పెట్టి లోపలికి వెళ్లింది. అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

తరువాతి ఆదివారం పిలుపు లేకపోయినా వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. వసారాలో చెప్పులు విడిచే చప్పుడు విని ఆమె వంటమనిషి బొమ్మక్కతో అంది:

"ఎవరో వచ్చినారు. కాపీ ఇచ్చి పంపించు."