చెట్టుకు నీళ్లు, మనిషికి విషం

బూటుకాలు ముసలమ్మ మొహాన తగిలింది. దానిమ్మ చెట్టు మొదట్లో బోర్లా పడుకుని, డ్రిప్పు పైపుకు నోరు పెట్టి చుక్కచుక్కగా తాగుతున్న మనిషి పక్కకు దొర్లింది. పెదవి చిట్లి రక్తం కారింది.

"చెట్టు నోటి దగ్గర నీళ్లు లాక్కుంటావే? దొంగముండా!" అని అరిచాడు సూపర్వైజరు.

కాయలు కోస్తున్న కూలీలంతా చూశారు. వాల్వులు తిప్పే మనిషీ చూశాడు. దెబ్బ తిన్నది అతని పెళ్లాన్ని కన్నతల్లి. అయినా తల వంచుకుని తన పనిలో పడ్డాడు. అందరూ అతన్ని వాల్వన్న అంటారు. యజమాని మనిషని చాలామందికి అతనంటే గుర్రు.

యజమాని తోటలో లోతుగా బోర్లు దింపాక కూలీల వాడలో బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చెట్ల మొదళ్లు మాత్రం పొద్దస్తమానం తడిగానే ఉంటాయి.

ఆ సాయంత్రం వాడంతా ఒకచోట చేరింది. కాయలు ఏరే షెడ్డులో సంఘం పెట్టినామె లేచింది. ఆమె అందరికీ వదిన.

"మోటారు ఆపుదాం. వాడి చెట్లు వాడితేగానీ మన దాహం వాడికి తెలీదు."

"నీళ్లలో ఉండి మొసలితో పగా తల్లీ?" అన్నాడొక పెద్దాయన.

"నీళ్లెక్కడున్నాయి పెద్దయ్యా? మొసలొక్కటే మిగిలింది."

జనం గొల్లున నవ్వారు. "ముందు వాల్వన్న ఎవరి వైపో తేల్చుకోమనండి!" అని వెనకనుంచి ఎవరో కేక వేశారు. చివర కూర్చున్న అతను లేచి ఇంటిదారి పట్టాడు. పెళ్లాం అతని వంక చూడను కూడా లేదు.

తెల్లారాక సూపర్వైజరు అతన్ని మోటారు గదికి పిలిచి, చెట్లకిచ్చే నీళ్లలో ఎరువు కలిపే ట్యాంకు పక్కన పురుగుమందు డబ్బా పెట్టాడు.

"ఇది ట్యాంకులో పొయ్యి. ఇక ఒక్క వెధవా పైపుకు నోరు పెట్టడు."

"తాగితే చస్తారు సారూ!"

"ఒకడు చస్తే మిగతావాళ్లు మానుకుంటారు. పొయ్యమంటే పొయ్యి!"

ఇన్నాళ్లూ ఎవరి మాటకు తలూపాడో వాల్వన్నకు అప్పుడు తెలిసొచ్చింది. మోటారు ఆపేశాడు. డబ్బా ఎత్తి పట్టుకుని చెట్ల మధ్యకు పరిగెత్తాడు.

"నీళ్లలో ఇది కలపమన్నారు! మనల్ని చంపడానికే!"

కోతబుట్టలు ఎక్కడివక్కడ పడ్డాయి. జనం మోటారు గదిని చుట్టుముట్టారు. సూపర్వైజరు గోడ దూకి పారిపోయాడు. షెడ్డు వెనకున్న కొత్త పైపు చుట్టలను ఆడవాళ్లు భుజాన వేసుకుని వాడదాకా పరిచారు. వాటిని తోట పైపుకు బిగించింది వాల్వన్నే.

మధ్యాహ్నానికి పోలీసు జీపు, దాని వెనకే యజమాని కారు వచ్చాయి. వదిన మందు డబ్బా చూపించబోతే, "అవన్నీ స్టేషన్లో" అని ఎస్సై తోసేశాడు. వాల్వన్నను మెడపట్టి జీపెక్కించారు. పెళ్లాం పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"నిన్న నీ మొహం చూడబుద్ధి కాలేదయ్యా. ఇవాళ వదలబుద్ధి కావట్లేదు."

"ఇల్లు చూసుకో. మోటారు గది దగ్గర్నుంచి మాత్రం ఎవరూ కదలొద్దు," అన్నాడతను. జీపు కదిలింది.

"మోటారు వెయ్యండ్రా! తడి ఆగితే కాయంతా పగిలిపోతుంది!" యజమాని గొంతు చించుకున్నాడు.

మోటారు గది గడప మీద కూర్చున్న ముసలమ్మ వాచిన పెదవితోనే చెప్పింది.

"వేస్తాం దొరా. మా వాడ వైపు తిప్పి మరీ వేస్తాం."

వదిన స్విచ్చి వేసింది. యజమాని గదివైపు దూసుకొచ్చాడు. ఒక్కరూ పక్కకు జరగలేదు.