నార్మల్ నర్సయ్య

మంజూష చేసే పని చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. రాజ్మా గింజలు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, అందులోంచి తీసిన సారాన్ని మనిషి రక్తంలోని తెల్లకణాల మీద వేసి చూడడం. బెజవాడలో ఎమ్మెస్సీ చదివి వచ్చి, పంజగుట్టలో ఒక ట్రస్టు ఆసుపత్రి మూడో అంతస్తులో పరిశోధనకు చేరింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఆమెతో గది పంచుకునే సుమశ్రీ అమీర్‌పేటలో జావా నేర్చుకుంటోంది. "ఊరంతా కంప్యూటర్లు పట్టుకుంటే నువ్వు చిక్కుళ్ళు పట్టుకున్నావేంటే" అని రోజూ ఏడిపించేది. రెండువేల సంవత్సరం కదా, అమీర్‌పేటలో ఎవరిని కదిపినా అదే మాట.

మంజూషకు మాత్రం ఆ పనంటే ప్రాణం. ఒంట్లో తిరిగే తెల్లకణాలు చాలావరకు నిద్రపోతూ ఉంటాయి. గింజల సారం తగిలిందా, ఉలిక్కిపడి లేస్తాయి. కణం రెండుగా చీలడానికి ఇంకా రెండు రోజులున్నా, ఆకలి మాత్రం ముందే పుడుతుంది. కొన్ని గంటల్లోనే చుట్టూ ఉన్న చక్కెరను ఆబగా తాగేస్తాయి. ఆ తొలి ఆకలిని కొలవాలి. రక్తక్యాన్సరు రోగుల కణాల్లో అది ఎంత తగ్గిందో తేల్చాలి. అలా తేల్చాలంటే పక్కన పోల్చి చూడడానికి ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా ఉండాలి.

ఆ ఆరోగ్యవంతుడు రాజనర్సయ్య. ల్యాబు అటెండరు, యాభై దాటినవాడు. పదకొండేళ్ళుగా ఎవరు ప్రయోగం చేసినా రక్తమివ్వడానికి చెయ్యి చాపేది ఆయనే. రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు "నార్మల్-1". అందరూ నార్మల్ నర్సయ్య అని పిలుస్తుంటే మీసం దువ్వుకునేవాడు.

"నా నెత్తురు ఎన్నడన్న దగా చేసిందా మేడం? మస్తు గట్టిది" అనేవాడు.

నవంబరులో ఒకరోజు ఆయన రక్తం నుంచి తీసిన తెల్లకణాల పొర మామూలుకంటే మందంగా వచ్చింది. పని బాగా కుదిరిందని మంజూష సంబరపడింది. గొట్టాలన్నిటిలో లెక్క ప్రకారం సమానంగా కణాలు పోసి, సారం కలిపి, నాలుగు గంటలు ఆగి చూసింది. చక్కెర పోసినంతా పోసినట్టే ఉంది. కణాలు కదల్లేదు, మెదల్లేదు.

పరుగున వెళ్ళి గైడు ఫణీంద్ర గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు కూడా సవరించుకోకుండా, "నార్మల్ పనిచెయ్యలేదంటే నీ సారం పాడైందమ్మా. పారబోసి మళ్ళీ చెయ్" అన్నారు. ఆ ల్యాబులో ఆనవాయితీ అదే. గొట్టంలో కలిపే మందును అనుమానిస్తారు, రక్తమిచ్చిన మనిషిని అనుమానించరు. మంజూష గొట్టాలన్నీ సింకులో పారబోసి, పుస్తకంలో ఆ పేజీని అడ్డంగా కొట్టేసింది.

మళ్ళీ గింజలు రుబ్బింది. నర్సయ్య ఆ రోజు సెలవులో ఉంటే తన రక్తమే తీయించుకుంది. కణాలు చక్కగా లేచాయి. చూశావా, పాత సారమే పాడైందని అందరూ చేతులు దులుపుకున్నారు. తప్పంతా అక్కడే ఉంది. సారమూ మారింది, మనిషీ మారాడు. ఆ కొత్త సారాన్ని నర్సయ్య రక్తం మీద ఒక్కసారి వేసి చూద్దామన్న బుద్ధి అంతంత చదువులు చదివిన బుర్రల్లో ఒక్కదానికీ పుట్టలేదు. కింది అంతస్తులో మామూలు రక్తపరీక్ష చేయించినా సంగతి బయటపడేది.

తర్వాతి వారం నర్సయ్య చెయ్యి చాపితే మంజూష నవ్వింది. "మీకు వయసైపోయింది నర్సయ్య గారూ, ఇక నా రక్తమే వాడుకుంటాలెండి." ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, మడిచిన చొక్కా చెయ్యి నెమ్మదిగా దించుకున్నాడు.

ఏప్రిల్లో జ్వరంతో కుప్పకూలాడు. మెడ కింద బిళ్ళలు కట్టాయి. తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడనివి, లక్షా తొంభై వేలున్నాయి. రక్తక్యాన్సరు. ఎప్పటినుంచో నెమ్మదిగా పాకుతూ వచ్చి, ఈ మధ్యే విజృంభించిందన్నారు డాక్టర్లు.

రిపోర్టు చూడగానే మంజూషకు నవంబరు నాటి మందపాటి పొర గుర్తొచ్చింది. కొట్టేసిన పేజీ తీసుకుని ఫణీంద్ర గారి దగ్గరికి వెళ్తే ఆయన చదివి పక్కన పెట్టేశారు. "ఇప్పుడు చెప్పి ఆయన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకమ్మా" అన్నారు. ఆమె వినలేదు. నర్సయ్య భార్య రుద్రమ్మ ఆయనకు జావ తేవడానికి వెళ్ళిన సమయం చూసి, వార్డులో మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేసింది.

నర్సయ్య కళ్ళార్పకుండా విన్నాడు.

"గప్పుడే ఎరుకైతే బతుకుదునా మేడం?"

"తెలీదు నర్సయ్య గారూ. కానీ వైద్యం అయిదు నెలల ముందే మొదలయ్యేది."

"గంత పెద్ద చదువు చదివి, ముసలోనివైనవని నవ్వినవా?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ తిరగలేదు. మంజూష మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మూడు రోజులు ఆ వార్డు వైపు వెళ్ళే ధైర్యం చాలలేదు. నాలుగోరోజు రుద్రమ్మే మూడో అంతస్తుకు ఎక్కి వచ్చింది. "ఆయన పిలుస్తుండు బిడ్డా. సూది, గొట్టాలు సుత తెమ్మన్నడు. ఎందుకో నాకైతే చెప్పలే."

వెళ్ళేసరికి నర్సయ్య చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"వద్దండీ, నీరసంగా ఉన్నారు" అంది మంజూష.

"రోగమున్నోళ్ళ నెత్తురు సుత కావాలె గద నీకు. తియ్యి."

ఆమె నరం కోసం వెతుకుతుంటే అదెక్కడుందో ఆయనే వేలితో చూపించాడు. రక్తం గొట్టంలోకి ఎక్కింది. మంజూష దాని మీద చీటీ అంటించి, పెన్ను పట్టుకుని, ఏం రాయాలో తోచక ఆగిపోయింది.

"నార్మల్ అని రాయకు" అన్నాడు నర్సయ్య. అని, ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "గీసారి పారబొయ్యకు మేడం."