పోటు లేని రోజు

పున్నమికి ఒక రోజు ముందే స్టీపే ఇంట్లో కుర్చీల కాళ్ళ కింద ఇటుకలు చేరతాయి. ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీలో కొండ తొలిచి చేసుకున్న ఇళ్ళన్నిటిలోనూ అంతే. ఒకప్పుడు ఆ నేలంతా సముద్రం. నీళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి గానీ, వచ్చిపోయే అలవాటు మానుకోలేదు. పున్నమికీ అమావాస్యకీ చీలమండల దాకా పోటు వస్తుంది. గంటసేపు ఉండి, గోడమీద ఉప్పు గీత పెట్టి వెళ్ళిపోతుంది. స్టీపే భార్య లియోనీ ఆ ఉప్పు గీకి సీసాలో పోసుకుంటుంది.

ఆ శనివారం పోటు రోజు కాదు. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ లియోనీ, "పిల్ల రాత్రంతా దగ్గుతూనే ఉంది. పడుకుంటే లేపకు. దాన్ని కనిపెట్టుకుని ఉండు," అని మూడుసార్లు చెప్పింది. స్టీపేకి ఒక్కసారి చెప్పినా ఎక్కువే. పెళ్ళయిన పదేళ్ళకి పుట్టిన పిల్ల మిర్తా. నాలుగేళ్ళు వచ్చినా దానికి ద్రాక్షపండుని నాలుగు ముక్కలు కోసిగానీ పెట్టడు.

పదింటికి ఎర్రదుమ్ము లేచింది. దుమ్ము లేస్తే ఊళ్ళో అందరూ చేసే పనే అతనూ చేశాడు. కొండ మీదికెక్కి, కింది గదికి గాలి దిగే కన్నానికి ఇనుప మూత పెట్టి వచ్చాడు. పిల్ల పడుకునేది ఆ గదిలోనే. వంటగది నుంచి నాలుగు మెట్లు దిగాలి. మంచం మీంచి దొర్లి పడుతుందని పరుపు నేలమీదే వేశాడు. అతను ఇంట్లో కాచుకునే బీరు పీపా, దాని ఫ్రిజ్జు, బీరుకి నురగ పట్టించే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండరు కూడా అక్కడే ఉంటాయి. గోడలో బెజ్జం చేసి, గొట్టాన్ని వంటగదిలోని కుళాయికి తెచ్చుకున్నాడు.

మిర్తా నిద్రపోయాక పక్కింటి కోస్టాస్ ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ళు గోతులు తవ్వి ఓపల్ రాళ్ళు ఏరిన ముసలాయన. సాయంత్రం లియోనీ పుట్టినరోజుకి పదిమంది వస్తారు, బీరు చూస్తే గ్లాసు నిండా నురగే. అందుకని స్టీపేయే రమ్మన్నాడు.

కోస్టాస్ గ్లాసు ఎత్తి చూశాడు. అడుగున మూడు వేళ్ళ బీరు, పైనంతా తెలుపు.

"ఏరా, గడ్డం గీసుకోమంటావా?"

"వెక్కిరింపు తర్వాత, బాబాయ్. ముందు దారి చెప్పు."

"చల్లగా ఉందా?"

"పొద్దున చూశాను. మూడు డిగ్రీలు."

"గొట్టం పొట్టిదేమో."

"మూడు మీటర్లది వేశాను. కుళాయి విప్పి కడిగాను."

"కడిగావు సరే, తిప్పేది సగమే కదా. భయస్థుడు సగమే తిప్పుతాడు. సగం తిప్పితే నురగే." కోస్టాస్ లేచి కుళాయి పూర్తిగా తిప్పాడు. నురగే వచ్చింది. "పోటు రోజైతే సముద్రాన్ని తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆ రోజు మా ఇంట్లో కాఫీ కూడా నురగలు కక్కుతుంది. ఇక మిగిలింది గ్యాసు. మీటరు ఎంత చూపిస్తోంది?"

"పన్నెండు."

"గోటితో కొట్టి చూశావా? పాతది కదా, ముల్లు పట్టేసుకుని ఉంటుంది. రెగ్యులేటరు అరిగితే లోపల ముప్పై ఉన్నా పన్నెండే అంటుంది. ఎక్కువైన గ్యాసుని పీపా తన మూతలోంచి బుస్సున వదిలేస్తూ ఉంటుంది."

"అయితే అదే. మిర్తా లేచాక దిగి చూస్తాను. ఇప్పుడు వెళ్తే చప్పుడుకి లేస్తుంది."

కోస్టాస్ మూతి తుడుచుకున్నాడు. మెట్ల వైపు చూస్తూ అడిగాడు. "వదిలేసిన గ్యాసు ఎటు పోతోందిరా?"

"పైన కన్నం ఉంది కదా..." అంటూనే స్టీపే ఆగిపోయాడు. మూత పెట్టింది తనే. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలని పట్టుకుని పడుకుంటుంది. గోతిలోకి దిగి బతికిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. పిల్లని నేలమీద పడుకోబెట్టిందీ తనే.

అతను కుర్చీ తోసి లేచేలోపే మెట్ల మీద నీళ్ళు కనిపించాయి. చప్పుడు లేకుండా ఒక్కొక్క మెట్టే ఎక్కి వస్తున్నాయి. వాటి మీద పరుపు, పరుపు మీద మిర్తా. గుమ్మానికి ఒక మూల తగిలి పరుపు మెల్లగా పక్కకి తిరిగింది. రేవు తెలిసిన పడవలా వంటగదిలోకి జారి, స్టీపే పాదాల దగ్గర ఆగింది.

పిల్ల ముఖం ఎర్రగా ఉంది. ఎగశ్వాస తీస్తోంది. అతను దాన్ని ఎత్తుకుని, దుమ్మో ధూళో చూడకుండా వీధిలోకి పరుగెత్తాడు. భుజం మీద కొంతసేపు బరువుగా వేలాడి, మిర్తా దగ్గింది. మళ్ళీ దగ్గి, ఏడుపు గొంతుతో అంది.

"పడవ ఎందుకు ఆపావు నాన్నా?"

స్టీపే దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఎర్రమట్టిలో కూర్చుండిపోయాడు.

లోపల నీళ్ళు దిగిపోయాయి. కోస్టాస్ కొవ్వొత్తి వెలిగించి, పై మెట్టు మీదే వంగి, చెయ్యి కిందికి చాపాడు. పైనుంచి రెండో మెట్టు దగ్గర ఎవరో వేళ్ళతో నలిపినట్టు మంట ఆరిపోయింది. ఆయన పైకెళ్ళి ఇనుప మూత లాగి అవతల పారేశాడు. లోపల గాలి మారేదాకా ఆగి, ఇంకో కొవ్వొత్తి కింది దాకా వెలిగాకనే దిగి సిలిండరు కట్టేశాడు.

సాయంత్రం సిలిండరు ఇంటి బయట ఉంది. దానికి కోస్టాస్ ఇచ్చిన కొత్త రెగ్యులేటరు ఉంది. లియోనీ పిల్లని గంటసేపు పరీక్షించి, మొగుణ్ణి పదిహేను నిమిషాలు తిట్టి, చివరికి గోడ మీది ఉప్పు గీతని వేలితో తాకింది. అది అన్నిటికన్నా పై మెట్టుకి కూడా పైనుంది.

"ఇవాళ పోటు లేదుగా," అంది.

"లేదు. నువ్వు లేపొద్దన్నావు. నేను లేపలేదు."

ఆ గీతని ఆమె గీకలేదు.

ఎక్కువైన గ్యాసంతా తీసేశాక బీరు తేనెరంగులో, పైన రెండు వేళ్ళ నురగతో దిగింది. మొదటి గ్లాసు స్టీపే ఎవరికీ ఇవ్వలేదు. కింది మెట్టు దాకా తీసుకెళ్ళి, నెమ్మదిగా నేలమీద పోశాడు. రాయి తాగేసింది.

పున్నమి నాడు ఊళ్ళో అందరిళ్ళలోకీ నీళ్ళొచ్చాయి, ఒక్క స్టీపే ఇంట్లోకి తప్ప. "మీ వంతు ముందే వాడేసుకున్నారు కదరా," అన్నాడు కోస్టాస్. మిర్తా మాత్రం ఒప్పుకోక, పడవ వస్తుందని పరుపు మీద కూర్చుంది. స్టీపే పక్కన కూర్చుని ద్రాక్షపళ్ళు కోసి పెట్టాడు. ఒక్కోటి రెండు ముక్కలే.