పందొమ్మిదో బావి మూత

మా అన్నకి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. మేనేజర్ కాళ్లావేళ్లా పడి మరీ ఇప్పించాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

చెత్తకొండ లోపల కుళ్లి పుట్టే గ్యాస్‌ని గొట్టపుబావులతో పీల్చి, కంపూ కార్బన్ డయాక్సైడూ తీసేసి, మీథేన్‌ని మాత్రం ఊరి పైపులైనుకి పంపడం మా ప్లాంటు పని. బావుల దగ్గర వాల్వులు తిప్పేది అన్న. శుద్ధిచేసే మెషిన్ల దగ్గర నేను. ఆశకి పోయి వాల్వు ఎక్కువ తెరిస్తే మట్టి సందుల్లోంచి గాలి కిందికి దిగుతుంది. గాలిలోని నైట్రోజన్‌ని మా మెషిన్లు తీయలేవు. పైగా కొండ లోపల నిప్పు రాజుకుంటుంది. అందుకే అన్న రోజూ ఒక్కో బావిలో ఆక్సిజన్ కొలుస్తాడు. ముందు బావి మూత లోపలివైపు తేదీ వేసి సుద్దతో రాసుకుంటాడు, తర్వాత కాగితం మీదికి ఎక్కిస్తాడు. దాని కింద సంతకం నాది. చూడకుండానే పెట్టేదాన్ని. సొంత అన్న రాసింది మళ్లీ చూడ్డమేమిటి!

సోమవారం పైపులైనువాళ్లు నైట్రోజన్ ఎక్కువుందని మా గ్యాస్ వద్దన్నారు. పందొమ్మిదో బావి దగ్గర నేల పొగలు కక్కుతోంది. మేనేజర్ కాగితాలు నా ముందు పడేశాడు. నెల పొడుగునా ఆ బావిలో ఆక్సిజన్ అర శాతమేనట, అంటే గాలి దిగనే లేదట!

"ఏమిటమ్మా ఇది?"

నేను పక్కనే నిలబడ్డ అన్న వైపు చూశాను. అన్న గోడ వైపు చూశాడు.

"చెల్లి రాయమన్నట్టే రాశాను సార్. గ్యాస్ ఎక్కువ తీస్తే సూపర్‌వైజర్ పోస్టు తనకొస్తుందని..."

ఓరి దేవుడా! ఇంట్లో ఆ పోస్టు కోసం లేచింది మొదలు జపం చేసేది ఎవరు? "నేను చెప్పలేదు సార్!" అన్నాను. అన్న మెల్లగా బయటికి జారుకున్నాడు.

"సాయంత్రంలోగా రుజువు చూపించు. లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు మేనేజర్.

రుజువు! మూత లోపల సుద్ద రాతలు! కాగితం మీద ఎన్ని అబద్ధాలు రాసినా, మూత మీద అన్న కొలిచిందే రాస్తాడు. ఆ అలవాటు నాకు తెలియదా? కొండ మీదికి పరుగెత్తాను.

అన్న అప్పటికే అక్కడున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, మూత తిరగేసి గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్క అంకె మిగల్లేదు.

"అన్నా, ఏం చేస్తున్నావ్?"

ఉలిక్కిపడ్డాడు. "నువ్వు చదువుకున్నదానివి చెల్లీ. నీకు ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. నాకెవరిస్తారు చెప్పు?"

"అడిగితే నేనే తప్పుకునేదాన్ని కదా!" అని అరిచాను.

అన్న చెయ్యి ఆగలేదు. ఆ గుడ్డ నాకు తెలుసు. పొద్దున తన అన్నం డబ్బా చల్లారిపోకుండా నేను చుట్టి ఇచ్చిన గుడ్డ.